కెనడా కోడలితో శ్రీకాకుళంలో క్రిస్మస్ – నా అనుభవం

మా కోడలిది కెనడా. అందులోనూ తూర్పు కొసన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డునున్న నోవా స్కోషియా రాష్ట్రం. మా అబ్బాయి హాలిఫాక్స్‌లో చదువుకుని, అక్కడే కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఆ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. తర్వాత పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో పని దొరికి ఇద్దరూ శ్రీకాకుళం, మా దగ్గరకే వచ్చేశారు. అమ్మాయి తన ఆఫీసు పని ఇంటి నుంచే చేసుకుంటుంది. వాళ్ల పగలు మన రాత్రి కాబట్టి సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటే అర్ధరాత్రి దాటాక లేస్తుంది.

మాది మా తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం. క్రిస్మస్ చేయడం మాకు కొత్త కాదు. కానీ పుట్టింటికి, పుట్టిన నేలకి అంత దూరంలో, ఎండ కాసే ఊళ్లో, తెలియని పాటల మధ్య మొదటి క్రిస్మస్ చేసుకునే పిల్ల ఇంట్లో ఉండడం కొత్త. మన జిల్లాలో ఇప్పుడు విదేశాలకి పిల్లల్ని పంపని వీధి లేదు. ఉద్దానం వాళ్లు గల్ఫ్‌కి, పట్నం పిల్లలు అమెరికా, కెనడాలకి. అటు నుంచి కోడళ్లూ అల్లుళ్లూ రావడం కూడా మొదలైంది. అలాంటి ఇళ్లకి పనికొస్తుందని మా ఇంట్లో ఏం చేశామో రాస్తున్నాను.

నవంబరులో సంఘంలో సెమీ క్రిస్మస్, అంటే పండగకి ముందే జరుపుకునే వేడుకల, తేదీలు అనుకుంటున్నప్పుడే నాకు దిగులు పట్టుకుంది. డిసెంబరు వచ్చిందంటే మనకి ఊపిరి సలపదు. ఆదివారపు బడి పిల్లలది ఒక సెమీ క్రిస్మస్, స్త్రీల సమాజానిది ఒకటి, యవ్వనస్తులది ఒకటి. ఇంటికి రంగులు, టైలర్ దగ్గర బట్టలు, పిండివంటలు. ఇంత సందడిలో ఆ పిల్ల ఒక మూల కూర్చుని వాళ్లమ్మని తలుచుకుంటుందేమో అనిపించింది. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని అడిగాను. "మీ ఇంట్లో పండగంటే నీకు ముందుగా ఏది గుర్తొస్తుందమ్మా?"

మంచు అంటుందనుకున్నాను.

"చీకటి, అత్తమ్మా" అంది.

డిసెంబరులో వాళ్ల ఊళ్లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకిపోతుందట. బడి వదిలి ఇంటికొచ్చేసరికి వీధంతా చీకటి. ఆ చీకట్లో ఒక్కో ఇంటి కిటికీలో దీపాల తోరణం. తలుపు తోసుకుని లోపలికి వెళ్తే క్రిస్మస్ చెట్టుగా పెట్టే ఫర్ చెట్టు వాసన, ఓవెన్‌లో కాలుతున్న అల్లం బిస్కెట్ల వాసన. మంచు సంగతి అడిగితే, సముద్రం పక్కన ఊరు కాబట్టి పండగ నాటికి కొన్నేళ్లు మంచు ఉంటుంది, కొన్నేళ్లు వానే పడుతుంది, అది లేకపోయినా ఎవరూ పండగ మానరు అని చెప్పింది.

ఆ మాట నాకెంతో మేలు చేసింది. మా అబ్బాయి అప్పటికే బజారుకెళ్లి ప్లాస్టిక్ చెట్టు, దాని మీద చల్లే దూది మంచు చూసొచ్చాడు. అవి వద్దని గట్టిగా చెప్పాను. పగలు 28 డిగ్రీల ఎండ కాసే ఊళ్లో దూది పరిచి మంచు అనుకోమంటే, లేనిదాన్ని రోజూ గుర్తు చేసినట్టే అవుతుంది. ఆ పిల్ల అడిగిన చీకటి మాత్రం మన దగ్గరా ఉంది. మనం దేశానికి తూర్పు వైపున ఉన్నాం, గడియారం అందరిదీ ఒకటే. అందుకే డిసెంబరులో శ్రీకాకుళంలో ఐదున్నర కాకుండానే పొద్దు దిగిపోతుంది. నాగావళి మీంచి చల్లగాలి మొదలయ్యేదీ అప్పుడే. ఆ వేళకి ఇంట్లో దీపాలు, వాసన సిద్ధంగా ఉంచాలని అనుకున్నాను.

అందుకని డిసెంబరు ఒకటి నుంచి ఒక అలవాటు పెట్టాం. పొద్దు దిగగానే వరండాలో ట్యూబ్‌లైట్ వేయడం మానేశాం. మా ఆయన వెదురు పుల్లలు కట్టి, రంగు కాగితం అంటించి స్టార్ చేశారు. ఆయన చిన్నప్పటి నుంచీ కొన్న స్టార్ ఇంటికి తెచ్చిన మనిషి కాదు. కోడలు పనిచేసుకునే గది కిటికీకి చిన్న దీపాల దండ చుట్టాం. దోమల మెష్ ఉంది కాబట్టి కిటికీ తెరిచే ఉంచొచ్చు. వీధిలోంచి చూస్తే ఆ ఒక్క కిటికీ పసుపు రంగులో మెరుస్తుండేది. పక్కిళ్ల పిల్లలు గేటు దగ్గర నిలబడి చూసేవారు. వారం తిరిగేసరికి ఎదురింటి వాళ్లు కూడా తమ కిటికీకి ఒక దండ వేశారు. వాళ్లు క్రైస్తవులు కారు. "మీ కోడలికి ఎదురుగా సీకటిగా ఉండకూడదు గదా" అన్నారు.

ఇక చెట్టు. వాళ్ల దగ్గర క్రిస్మస్ చెట్టంటే బాల్సమ్ ఫర్. దానికోసం పొలాల్లో పంట వేసినట్టు వేస్తారట. మనకి ఆ చెట్టు లేదు. కానీ సముద్రం ఒడ్డు పొడుగునా సరుగుడు తోపులున్నాయి. మన చర్చిల్లో నా చిన్నప్పటి నుంచీ సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు. ఆ సన్నటి పుల్లల్లాంటి ఆకులు, పైకి సూదిగా పోయే ఆకారం దానికి బాగా నప్పుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తీరం వెంట గాలికి అడ్డుగా పెంచిన తోపుల్లో కొమ్మ విరవకూడదు. తుఫాను వచ్చినప్పుడు ఊళ్లని కాసేవి అవే. రైతులు కర్రల కోసం సొంతంగా వేసుకున్న తోపులుంటాయి. నాలుగైదేళ్లకి నరికి, బోదెలు లారీకెత్తి, కొసలు వంటచెరకుకి అమ్మేస్తారు. ఆ కొస అడిగితే చాలు.

గార మండలం వైపు ఒక తోపులో కొట్టుడు జరుగుతోందని తెలిసి కోడల్నీ తీసుకుని వెళ్లాం. ఆ రైతు నా వరసకి తమ్ముడవుతాడు. "ఏటప్పా, ఈ కొస ఏటి సేసుకుంటావు" అంటూనే, నరికిన వాటిలో గుబురుగా ఉన్నది ఏరి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. కోడలు ఒక పుల్ల నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. పచ్చి వాసన, కాస్త ఉప్పుగాలి తప్ప ఏమీ లేదు. ఆ పిల్ల ముఖం చూసి నాకు మనసు చివుక్కుమంది. సరే, వాసన వంటింట్లోంచి తెద్దాం అని అక్కడే అనుకున్నాం.

సరుగుడు కొస నిలబెట్టడం గురించి కూడా చెప్తాను. బకెట్లో తడి ఇసుక గట్టిగా కూరి అందులో పాతాలి, రోజూ ఇసుక తడపాలి. ఫ్యాను గాలి తగలకూడదు, ఎండ పడకూడదు. ఎంత చూసుకున్నా వారం తిరిగేసరికి గోధుమ రంగుకి తిరిగి రాలడం మొదలవుతుంది. అందుకే 20వ తారీకు దాటాకే తెచ్చుకోవాలి. కొమ్మలు సన్నం, బరువు మోయవు. గాజు బుడగలు వద్దని, బుడితి పనివాళ్లు చేసే చిన్న ఇత్తడి గంటలు కిందివైపు లావు కొమ్మలకి కట్టాం. పై కొమ్మలకి కాగితపు నక్షత్రాలు.

చెట్టు కడుతూ ఆ అమ్మాయి ఒక సంగతి చెప్పింది. 1917 డిసెంబరు 6న హాలిఫాక్స్ రేవులో పేలుడు సరుకుతో ఉన్న ఓడ ఇంకో ఓడకి తగిలి, మంటలు లేచి పేలిపోయింది. దాదాపు 2,000 మంది పోయారు. ఊరి ఉత్తర భాగమంతా నేలమట్టమైంది. ఆ వార్త అందిన రోజు రాత్రే అమెరికాలోని బోస్టన్ నగరం నుంచి డాక్టర్లు, నర్సులు, మందులతో రైలు బయల్దేరింది. మరుసటేడు నోవా స్కోషియా వాళ్లు కృతజ్ఞతగా బోస్టన్‌కి ఒక క్రిస్మస్ చెట్టు పంపారు. 1971 నుంచి మాత్రం ప్రతి ఏడూ ఒక పెద్ద చెట్టు ఎంచి, నరికి, ఊరేగించి పంపుతున్నారు. చిన్నప్పుడు బడి నుంచి ఆ చెట్టుకి వీడ్కోలు చెప్పడానికి వెళ్లేవాళ్లమని చెప్తుంటే ఆ పిల్ల గొంతు మారింది.

నేను 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుఫాను గురించి చెప్పాను. పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో మా పుట్టింటి వాళ్ల కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోట ఒక్క రాత్రిలో పడిపోయాయి. ముప్పై ఏళ్ల చెట్లు. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. ఎక్కడెక్కడి నుంచో ఎవరెవరో బియ్యం, కొవ్వొత్తులు, నీళ్ల డబ్బాలు తెచ్చి ఇచ్చారు. వాళ్ల పేర్లు కూడా అడగలేదు మా వాళ్లు. కోడలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక కాగితపు నక్షత్రం మీద తిత్లీ అని తెలుగులో రాసి పై కొమ్మకి కట్టింది. అప్పటికి ఆ అమ్మాయికి తెలుగు అక్షరాలు సగమే వచ్చు. వొత్తులు రావు, అందుకని మా ఆయన పెన్సిల్‌తో రాస్తే దాని మీద దిద్దింది.

వాసన తెచ్చే పని వంటింట్లో మొదలైంది. అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది నేనిక్కడే.

వాళ్ల అల్లం బిస్కెట్లలో మొలాసిస్ పడాలి. చెరకు రసం నుంచి పంచదార తీసేశాక మిగిలే నల్లటి పాకం అది. పూర్వం నోవా స్కోషియా వాళ్లు ఉప్పుచేప ఓడలకెత్తి వెస్టిండీస్ దీవులకి పంపి, బదులుగా మొలాసిస్ తెచ్చుకునేవారట. ఉప్పుచేప అనగానే నాకు ఆ ఊరి జనం మన కళింగపట్నం జనంలా అనిపించారు. మొలాసిస్ మన బజారులో దొరకదు, దొరకాల్సిన పని కూడా లేదు. అనకాపల్లి నల్లబెల్లం కొద్ది నీళ్లతో కరిగించి, వడగట్టి, తీగపాకం రాకముందే దించి చల్లార్చాం. పాకం ముదిరితే బిస్కెట్టు పంటికి తగిలి విరగదు. అందులో శొంఠి పొడి, దాల్చినచెక్క, లవంగం, వెన్న, మైదా. మొలాసిస్‌లో ఉండే పులుపు వంటసోడాని పొంగిస్తుందని, బెల్లంలో అంత పులుపు ఉండదని ఆ అమ్మాయి అంటే, ఒక చెంచా పెరుగు వేశాం. ఓవెన్ వేడెక్కి పది నిమిషాలు తిరక్కముందే ఇల్లంతా శొంఠి, లవంగం వాసన. కోడలు హెడ్‌ఫోన్స్ తీసేసి గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. "ఇదే, ఇదే అత్తమ్మా" అని నన్ను పట్టుకుంది.

షార్ట్‌బ్రెడ్ అనే వెన్న బిస్కెట్లకి మాత్రం మన వాతావరణం పడదు. కొలత చాలా తేలిక: పంచదార 100 గ్రాములైతే వెన్న 200, మైదా 300. కానీ వాళ్ల వంటింట్లో వెన్న గట్టిగా ఉంటుంది, మన దగ్గర మధ్యాహ్నం పిండి కలిపితే గట్టు మీదే నూనె దిగిపోతుంది. అందుకని తెల్లవారుజామున, ఇల్లు చల్లగా ఉన్నప్పుడు కలిపి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు కోశాం. ఇంట్లో తీసిన వెన్నైతే మజ్జిగ చుక్క లేకుండా చల్లటి నీళ్లలో కడిగి పిండాలి. ఇంకో విషయం. వాళ్ల వంటల్లో ఓవెన్ వేడి ఫారెన్‌హీట్‌లో ఉంటుంది, మన ఓవెన్ మీద సెల్సియస్. 325 అని రాసి ఉంటే మనం 160 దగ్గర పెట్టాలి. కాలాక పూర్తిగా ఆరనిచ్చి, బిగుతు మూత స్టీలు డబ్బాలో వేసెయ్యాలి. గాలికి వదిలేస్తే సాయంత్రానికి మెత్తబడతాయి.

కేకుకి పలాస జీడిపప్పు, ఎండుద్రాక్ష, ఖర్జూరం నానబెట్టాం. వాళ్లింట్లో రమ్ములో నానబెడతారు, మా ఇంట్లో మందు రాదు. కోడలే ద్రాక్షరసం అంది. రసంలో నానేవి బయట పెడితే మన వేడికి పులిసిపోతాయి, ఫ్రిజ్‌లోనే ఉంచాలి. మిగతాది అందరికీ తెలిసిన కేకే.

అరిసెల రోజు మాత్రం నేను మర్చిపోలేను. మా చెల్లెళ్లు, వదిన అందరూ వచ్చారు. అరిసెలు, పోకుండలు, గోరుమిటీలు, జంతికలు. పెద్ద బూర్లెమూకుడులో బెల్లం పాకం పడుతోంది. నేను గరిటెతో ఒక చుక్క తీసి చల్లటి నీళ్ల గిన్నెలో వేశాను, ఉండపాకం వచ్చిందో లేదో చూద్దామని. పక్కన నిలబడ్డ కోడలు నీళ్లలో చెయ్యి పెట్టి ఆ చుక్కని వేళ్లతో ఉండ చేసి, "ఇంకొంచెం" అంది. అందరం ఆశ్చర్యపోయాం. వాళ్ల అమ్మమ్మ పండక్కి ఫడ్జ్ అనే మిఠాయి చేసేటప్పుడు పాకాన్ని సరిగ్గా ఇలాగే, చల్లటి నీళ్లలో చుక్క వేసి చూసేదట. చిన్నప్పుడు ఆ ఉండ తీసే పని ఈ పిల్లదే. ఆ రోజు నుంచి పాకం చూసే బాధ్యత కోడలికి ఇచ్చేశాం. మా వదిన అంత సులువుగా ఎవరికీ పాకం అప్పజెప్పదు. ఆ రోజు గరిటె తనే అందించింది.

నా అనుభవంలో ఇదే ముఖ్యమైనది. బయటి దేశం నుంచి వచ్చిన పిల్లని పండగ పూట కుర్చీ వేసి కూర్చోబెట్టి, ప్లేటు చేతికిచ్చి, "నువ్వు ఏ పనీ చెయ్యకమ్మా" అంటే మర్యాద అనుకుంటాం. ఆ మర్యాదలోనే ఆ పిల్ల ఒంటరిదైపోతుంది. దిగులు పట్టేది సందడిలో కాదు, చేతులు ఖాళీగా ఉన్నప్పుడు. మా కోడలికి మధ్యాహ్నం మూడు నాలుగు గంటల వేళ బెంగ వచ్చేది. ఎండ తెల్లగా కాస్తూ, అందరూ కునుకు తీసి, ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉన్నప్పుడు. అక్కడ అప్పుడు తెల్లవారుజాము, వాళ్లమ్మకి ఫోన్ చేసే వీలుండదు. 22వ తారీకున వరండాలో కూర్చుని ఏడుస్తూ కనిపించింది. నేను ఓదార్చలేదు. పక్కన కూర్చుని చెక్కల పిండి ముందు పెట్టాను. ఇద్దరం చెక్కలు ఒత్తుతూ వాళ్లమ్మ గురించి మాట్లాడుకున్నాం.

క్యారల్స్ రాత్రి సంగతి. మా సంఘం యవ్వనస్తులు డోలక్, కంజిరలతో, క్రిస్మస్ తాతని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. మొదలుపెట్టేది పది గంటలకి, ఆఖరి ఇంటికి చేరేది తెల్లవారుజామున. కోడలు సెలవు పెట్టి వాళ్లతో నడిచింది. మన ఆడవాళ్లందరూ శాలువాలు, పిల్లలకి మంకీ క్యాపులు. 17, 18 డిగ్రీలంటే మనకి వణుకే. ఆ పిల్ల మాత్రం పొందూరు నేత కుర్తా ఒక్కదానితో హాయిగా నడుస్తోంది. ఒక ముసలమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఓలమ్మ, ఈ సలిలో ఆ పిల్లకి సెట్టరేసుకోమని సెప్పవేటి" అని కోప్పడింది. మన పాటల వరసలు ఆ అమ్మాయికి రావు. కానీ కంజిర చేతికిస్తే తాళం దొరికిపోయింది. ప్రతి ఇంట్లోనూ టీ, బిస్కెట్లు, ప్రార్థన, కానుక. ఆరో ఏడో ఇంటికి వెళ్లేసరికి పాటల్లో చివరి మాట అందరితో కలిపి అందుకుంటోంది.

నడుస్తూ మిషన్ మాటలొచ్చాయి. నోవా స్కోషియా, దాని పక్క రాష్ట్రాల బాప్టిస్టు మిషనరీలు 1870లలోనే ఓడల మీద ఇటొచ్చారు. భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి వాళ్ల మొదటి స్థావరాల్లోవి. మా నాయనమ్మ మిషన్ బంగ్లాలో దొరసాని పిల్లలకి రంగు బొమ్మల క్రిస్మస్ కార్డులు పంచిందని చెప్పేది. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో కెనడా డాక్టర్ బెన్ గలిసన్ పేదలకి కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆ పనికి తోడ్పడడానికే 1963లో కెనడాలోని కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. మా ఇంటి పెద్దవాళ్లు ఆ ఆసుపత్రి పేరు ఇప్పటికీ చేతులు జోడించి చెప్తారు. తన ప్రాంతం నుంచి ఆడవాళ్లు నూట యాభై ఏళ్ల కిందట ఈ వీధుల్లోకి వచ్చారని, ఈ ఎండలో, ఫ్యాను కూడా లేని రోజుల్లో క్రిస్మస్ చేసుకున్నారని కోడలికి తెలియదు. "వాళ్లకి ఇంటి నుంచి ఉత్తరం రావడానికి ఎన్నాళ్లు పట్టేది?" అని అడిగింది. వారాలకి వారాలు అన్నాను. ఆ రాత్రి ఇంటికొచ్చి వాళ్లమ్మకి ఫోన్లో చెప్పిన మొదటి సంగతి అదే.

24 సాయంత్రం వాళ్లింట్లో చౌడర్ చేస్తారు. చేపలు, రొయ్యలు, బంగాళాదుంపలు వేసి పాలతో కాచే చిక్కటి పులుసులాంటిది. ఇక్కడ పెద్ద చిక్కొచ్చింది. మన ఇళ్లల్లో చేపా పాలూ కలపరు, ఒంటి మీద తెల్లమచ్చలొస్తాయని పెద్దలు ముట్టనివ్వరు. మా అత్తగారికి ఎనభై దాటాయి. ఆవిడ ఉన్న ఇంట్లో ఆ గిన్నె పొయ్యెక్కదు. కోడలు వాదించలేదు, నేనూ వాదించలేదు. ఉద్దానం కొబ్బరికాయలు ఇంట్లోనే ఉన్నాయి. కొబ్బరిపాలు తీసి, వంజరం ముక్కలు, రొయ్యలు, దుంపలు, మిరియాల పొడి వేసి చేశాం. మా అత్తగారు రెండోసారి అడిగి పోయించుకున్నారు. రుచి వాళ్ల ఊరిది కాదని, అయినా ఇదీ తన ఇంటి చౌడరే ఇకనుంచి అని కోడలు చెప్పింది.

రాత్రి ఆరాధన, కొవ్వొత్తులు, ఇంటికొచ్చేసరికి రెండయింది. ఇక్కడ టైము లెక్క చెప్పాలి, దూరదేశపు పిల్లలున్న ఇళ్లకి ఇది అన్నిటికంటే అవసరం. హాలిఫాక్స్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. మన 25 తెల్లవారుజాము ఐదున్నర అంటే వాళ్లకి 24 రాత్రి ఎనిమిది. అప్పుడే చర్చి నుంచి వచ్చి చెట్టు దగ్గర కూర్చుంటారు. అందుకని పొద్దుటి ఆరాధనకి వెళ్లేలోపు ఐదున్నరకి వీడియో కాల్ పెట్టుకున్నాం. వాళ్ల అమ్మమ్మ అల్లి పంపిన ఉన్ని స్వెట్టర్ ఆ పిల్ల మన ఊళ్లో తొడుక్కునే వీలే లేదు. ఆ ఒక్క గంట మాత్రం ఫ్యాను పెద్దది పెట్టుకుని తొడుక్కుంది, అమ్మమ్మ చూడాలని. అటు ఫర్ చెట్టు, ఇటు సరుగుడు కొస. వాళ్ల అమ్మమ్మ ఇత్తడి గంట మోగించమంది. మోగించాం. మా అత్తగారు ఇంగ్లీషు రాదు కదా, ఫోన్ దగ్గరకొచ్చి తెలుగులోనే చిన్న ప్రార్థన చేశారు. అటువైపు అందరూ తలలు వంచారు.

మధ్యాహ్నం భోజనం నాటుకోడి, మటన్, పలావ్. టర్కీ కోసం ఎక్కడా వెతకలేదు. దానికి తోడు కోడలు వాళ్ల ఊరి పచ్చడి ఒకటి చేసింది. పేరు చౌ. పచ్చి టమాటాలు, ఉల్లిపాయలు ఉప్పులో రాత్రంతా ఊరబెట్టి, నీరు వంపేసి, వెనిగర్, పంచదార, ఆవాలు వేసి ఉడికిస్తారు. వాళ్లు దాన్ని చేప వడలతో తింటారట. మన వాళ్లు పలావ్‌తో తిన్నారు, సాయంత్రానికి సీసా ఖాళీ. ఎండ బాగా ఉంది, పెరట్లో వేపచెట్టు కింద చాపలు వేసి వడ్డించాం. తిన్నాక అందరూ అక్కడే కాళ్లు చాపేశారు. రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ కాల్. అప్పుడు వాళ్లకి మధ్యాహ్నం, వాళ్ల విందు. వాళ్లు తింటుంటే మేం మిగిలిన కేకు తిన్నాం. ఒక్క రోజులో రెండు పండగలు చేసుకోవడం ఆ పిల్లకి బాగా నచ్చింది.

26న కోడలు లేవగానే డబ్బాలు సర్దింది. అల్లం బిస్కెట్లు, షార్ట్‌బ్రెడ్, అరిసెలు కలిపి వీధిలో ఇంటింటికీ తనే పట్టుకెళ్లింది. మనం పండగ నాడే పంచుతాం, వాళ్లకి ఆ మరుసటి రోజు కూడా సెలవు, బాక్సింగ్ డే అంటారు. ఎవరింటికి వెళ్లినా అరగంట కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాటాక వచ్చింది, చీర కొంగు నిండా జామకాయలతో.

ఎండిన సరుగుడు కొస జనవరి మొదట్లో నీళ్లపొయ్యిలోకి వెళ్లింది. ఈసారి గార తమ్ముడికి అక్టోబరులోనే చెప్పిపెట్టాం, కొట్టుడు ఎప్పుడుంటే అప్పుడు కబురు చేస్తానన్నాడు. చౌకి పచ్చి టమాటాలు ఈసారి రెట్టింపు కావాలి. ఎదురింటావిడ సంక్రాంతికి అల్లం బిస్కెట్లు చేసుకుంటానని కొలత రాయించుకుంది: అరకిలో మైదా, పావుకిలో బెల్లం, పావుకిలో వెన్న, రెండు చెంచాల శొంఠి, చెంచా దాల్చినచెక్క పొడి, నాలుగు లవంగాలు దంచి, చెంచా వంటసోడా, చెంచా పెరుగు. ఓవెన్ 175 దగ్గర, పన్నెండు నిమిషాలు. పాకం మాత్రం తీగ రాకముందే దించాలని కోడలే గుమ్మం దాకా వెళ్లి ఆవిడకి ఇంకోసారి చెప్పింది.